ఓమేర్ కుట్టిన తలకిందుల సింహం

మా బాంష్ ఊళ్ళో పండగకి మగవాళ్ళం కట్టే జీల్ వేషం కొనుక్కునేవాడు ఉండడు. అద్దెకు తెచ్చుకుంటాం. తాతల నాటి నుంచీ అంతే. ఉపవాస దినాలు మొదలయ్యే ముందు వచ్చే ఆ ఒక్క మంగళవారం కోసం తెల్లవారుజామున ఒంటి మీదికి ఎక్కించుకుని, మర్నాడు తిరిగి ఇచ్చేస్తాం. అద్దెకిచ్చేవాడు బట్ట ఇచ్చి ఊరుకోడు. గడ్డి మోపు చంకన పెట్టుకుని తనే మన ఇంటికి వస్తాడు. జీల్ అన్నవాడికి ముందొక గూని, వెనకొక గూని ఉండాలి. అవి గడ్డితో చేసేవి. కూరిన చెయ్యి మంచిదైతే మనిషి పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా చెక్క చెప్పులతో గంతులేసినా గూని కదలదు. చెయ్యి మంచిది కాకపోతే పది గంటలకల్లా అది జారి పొట్ట మీదికి వస్తుంది. ఇక ఊరంతా ఎన్నో నెల అని అడుగుతుంది.

నాకు ఆరో ఏట నుంచి గడ్డి కూరినవాడు ఓమేర్ వాస్తియో.

అతని చేతి గొప్ప చెబుతాను వినండి. ఒక ఏడాది నా వెనక గూని మీద కాఫీ కప్పు, సాసరుతో సహా పెట్టించుకుని, రైలు స్టేషను నుంచి పెద్ద చౌకు దాకా డోలు దెబ్బకు అడుగేస్తూ వెళ్ళాను. చుక్క తొణకలేదు. ముగ్గురు సాక్షులున్నారు. ఇద్దరు పోయారు, మూడోవాడికి ఈమధ్య ఏమీ గుర్తుండటం లేదు. అందుకని నా మాటే నమ్మాలి.

నా పేరు ఫిర్మెన్. పద్నాలుగో ఏట బడి మానేశాను. ఆ రోజు లెక్కల మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని నేను అందరికీ చెబుతాను. సంతోషంతో పెట్టుకున్నాడని మా అమ్మ చెప్పేది. తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు బీరు పీపాల లారీ తోలాను. ఊళ్ళో నేను పీపా దించని గుమ్మం లేదు, కథ చెప్పకుండా కదిలిన గుమ్మమూ లేదు. నా కథల్లో సగం అబద్ధాలని మా ఆవిడ యోలాంద్ అంటుంది. సగమే అంటుంది చూశారా, అది ప్రేమ.

ఓమేర్ ఇల్లు కోటగోడ కింద సందులో ఉండేది. కింది గదిలో పొడుగాటి బల్ల. దాని మీద నార బట్ట తానులు, నల్లవీ ఎర్రవీ పసుపువీ ఫెల్టు ముక్కలు, మువ్వల డబ్బాలు. వేషాల మీద కుట్టడానికి ఫెల్టులోంచి కత్తిరించిన సింహాలూ కిరీటాలూ నక్షత్రాలూ గోడ పొడుగునా దారానికి వేలాడుతుండేవి. పైన అటకంతా నిప్పుకోడి ఈకలు. మధ్యాహ్నం మేం పెట్టుకునే టోపీలవి. ఎండాకాలమంతా వాటిని ఉతికి, ఆవిరి పట్టి, మొద్దుకత్తి అంచుతో ఒక్కొక్క పోగూ వంపు తిప్పేవాడు. ఆ సందులోకి అడుగు పెడితే తడి ఈకల వాసన, ఇస్త్రీ పెట్టె వాసన, చికోరీ వేసిన కాఫీ వాసన కలిసి కొట్టేవి. ఇప్పటికీ ఎవరింట్లోనైనా తడి కోడి వాసన వస్తే నాకు పండగలా ఉంటుంది. యోలాంద్ మాత్రం కిటికీలు తీస్తుంది.

ఓమేర్ వాళ్ళ నాన్నదీ ఇదే పని. పదకొండో ఏట ఓమేర్ చేతికి ఈక వచ్చింది, పదిహేనో ఏట సూది, ఇరవయ్యో ఏట గడ్డి. గడ్డి ఆఖర్న ఇస్తారు, ఎందుకంటే గడ్డి కూరడమంటే మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యడం. భార్య తొందరగా పోయింది. మర్సెలిన్ అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల బల్ల కిందే పెరిగింది. మా తరం గురించి ఆమెకున్న మొదటి జ్ఞాపకం మా మోకాళ్ళేనని నేను ఏడిపించేవాణ్ణి.

టేపు పట్టేవాడు కాదు ఓమేర్. ఎవరి కొలతలూ ఎక్కడా రాసి పెట్టుకోలేదు. జనవరిలో వెళ్ళి నిలబడితే రెండు భుజాల మీదా చేతులు వేసేవాడు, డొక్కల దాకా దించేవాడు, అంతే.

"ఎడమ భుజం దిగిందిరా. పీపాలు ఎడమ పక్కకే ఎత్తుకుంటున్నావు."

"లేదు బాబాయ్, యోలాంద్ తల పెట్టుకుంటుంది."

"తల అయితే ఇంత దిగదు. తలలో ఏమైనా ఉన్నదాన్ని చేసుకోలేదు కదా నువ్వు, నిన్ను చేసుకుందంటే."

కలిసి వేషం కట్టే మా సంఘంలో ముప్ఫై ఒక్క మంది మగవాళ్ళకు ఓమేర్ ఒక్కడే కూరేవాడు. మూడింటికి మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగి ఏడింటికి ముగించేవాడు. ఆఖరివాణ్ణి వీధిలోకి పంపి గుమ్మంలో నిలబడేసరికి డోళ్ళు ముందు వీధి మలుపు తిరిగేవి. అలా అతను ఒక్కసారి కూడా జీల్ కాలేకపోయాడు. బాంష్‌లో పుట్టి, బాంష్‌లో పెరిగి, వేషం కట్టని మగవాడు!

"ఏం బాబాయ్, నీకెప్పుడూ కట్టాలనిపించదా?" అని అడిగాను ఒకసారి.

"ముప్ఫై ఒక్కసార్లు కడుతున్నాగా ఏటా. నువ్వు ఒక్కసారే కట్టుకుంటున్నావు, పాపం" అన్నాడు.

డెబ్భై ఎనిమిది జనవరిలో నేను భుజాలు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఓమేర్ నన్ను కొత్తగా చూశాడు. అంటే మొహం పక్కకు తిప్పి, కంటి చివర్నుంచి.

"ఏంటి బాబాయ్, కోడిలా చూస్తున్నావ్? అటక మీద ఈకల గాలి సోకిందా?"

"అవును. గుడ్డు పెట్టినప్పుడు పిలుస్తా. నిలబడు తిన్నగా."

నాకు అదో ఆట అయిపోయింది. లారీ ఆ సందు దాటినప్పుడల్లా హారను బదులు కిటికీలోంచి కోడిలా కూసేవాణ్ణి. మర్సెలిన్ తలుపు తీసి చీపురు చూపించేది. లోపల్నుంచి ఓమేర్ నవ్వు వినిపించేది. ఆ నవ్వు విని నేనింకా గట్టిగా కూసేవాణ్ణి. అప్పుడే తెలిసి ఉంటే నాలుక కొరుక్కునేవాణ్ణి.

మా సంఘానికి పెద్ద ఎలువా అని ఒక మాంసం కొట్టువాడు. మనిషి ఎంత లావో మాట అంత సన్నం. పండగ పది రోజులుందనగా డోళ్ళ సాధన అయ్యాక బీరు దుకాణంలో అందరం కూర్చున్నాం. ఎలువా గ్లాసు కింద పెట్టాడు.

"ఓమేర్‌కి డెబ్భై దగ్గర పడుతోంది. పోయినేడు నా టోపీలో ఒక ఈక పొట్టిది పడింది. నేనేమీ అనలేదు."

"ఏడాదంతా అదే అన్నావు" అన్నాను.

"ఈసారి మాత్రం ఒక్క పొరపాటు, ఒక్కటంటే ఒక్కటి కనిపిస్తే, వచ్చే ఏటి నుంచి సంఘం వేషాలన్నీ స్టేషను వీధిలో కొత్తగా కొట్టు పెట్టిన కుర్రాడి దగ్గరే. ఆడి దగ్గర మిషన్లున్నాయి. ఆడికి పనోళ్ళున్నారు."

ముప్ఫై ఒక్క మందిలో ఓమేర్ చెయ్యి పడని భుజం లేదు, అయినా అందరూ గ్లాసులెత్తుకున్నారు. సంఘం వెళ్ళిపోతే ఓమేర్‌కి మిగిలేది ఆ సందులో ఖాళీ బల్ల. మంగళవారం మూడింటికి లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియని మనిషి మిగులుతాడు.

నా నోరు ఊరుకోదు కదా. బల్ల మీద చరిచాను.

"ఓమేర్ బాబాయ్ కళ్ళకు గంతలు కట్టుకుని కుట్టినా మీ స్టేషను వీధి కుర్రాడు నాలుగు కళ్ళతో కుట్టలేడు! నా పెళ్ళి సూటు చీకట్లో కుట్టాడు తెలుసా, కరెంటు పోతే!"

అందరూ నవ్వారు. నేను మరీ ఎక్కువ నవ్వాను.

మంగళవారం తెల్లవారుజామున ఓమేర్ మా ఇంటికి వచ్చేసరికి అయిదున్నర. మా ఆవిడ అప్పటికే వంటింటి బల్ల మీద ఆ పొద్దున ఆనవాయితీగా తినే ఆల్చిప్పలు తెరిచి, షాంపేన్ సీసా గుమ్మం బయట మంచులో పెట్టింది. ఓమేర్ వెనకే మర్సెలిన్ గడ్డి మోపు మోసుకొచ్చింది. అతని కుడి చేతి వేళ్ళు నాలుగింటికీ చివర్లలో ప్లాస్టరు చుట్టి ఉంది.

"ఏమైంది ఓమేర్ గారూ?" అంది యోలాంద్.

"సూదికి కోపం వచ్చిందమ్మా. ఆఖరి వారం కదా."

నన్ను వంటింటి మధ్యలో నిలబెట్టాడు. తల చుట్టూ తెల్ల గుడ్డ బిగించి కట్టింది యోలాంద్. ఓమేర్ గడ్డిని గుప్పెడు గుప్పెడుగా మెలిపెట్టి చొక్కాలోకి దించుతున్నాడు. ముందు డొక్కలు, తర్వాత వీపు, ఆఖర్న భుజాలు. పిడికిలితో లోపలికి కుక్కి, అరచేత్తో పైనుంచి చరుస్తాడు. ఆ చరుపుకి గడ్డి తన చోటేదో తెలుసుకున్నట్టు సర్దుకుంటుంది.

"పొట్ట పెరిగిందిరా. ఈ ఏడాది గడ్డి తక్కువ పట్టింది."

"మిగిలింది గుర్రానికి పెట్టు బాబాయ్."

"గుర్రం తినదు. నీ ఒంటికి తగిలింది."

యోలాంద్ నా వెనక్కి వెళ్ళింది, రిబ్బన్ల కాలరు సర్దడానికి. వెళ్ళి ఆగిపోయింది. నా మెడ మీద ఆమె ఊపిరి కూడా ఆగింది. కాసేపటికి వచ్చి నా ఎదురుగా నిలబడి, కనుబొమలు ఎత్తి, చూపుడువేలు కిందికి తిప్పి చూపించింది. నాకేమీ అర్థం కాలేదు.

"కాఫీ పోస్తాను, రా మర్సెలిన్" అంటూ ఆ పిల్లను పక్క గదిలోకి లాక్కెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా చెవిలో అన్న మాట ఇది:

"వీపు మీద సింహం తలకిందులుగా ఉంది. తోక పైకి, తల కిందికి."

గూని నడినెత్తిన, కాలరు అంచు కిందే ఉంటుంది ఆ పెద్ద సింహం. వెనక అడుగేసేవాడికి పొద్దుపొడుపు నుంచి కనిపించేది అదొక్కటే. ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు సింహం ఎలా నిలబడాలో.

"ఏమైంది?" అన్నాడు ఓమేర్.

"ఏం లేదు బాబాయ్. చలి."

అతను నా వెనక్కి వచ్చాడు. జానెడు దూరంలో నిలబడ్డాడని గడ్డి గరగరకి తెలుస్తోంది. సింహం అతని ముక్కుకి ఎదురుగా ఉంది. తల తిప్పి గోడ మీది అద్దంలోకి చూశాను. ఓమేర్ మొహం పక్కకు తిప్పి, కంటి చివర్నుంచి, ఆ కోడి చూపు చూస్తున్నాడు. ప్లాస్టరు వేళ్ళతో సరిగ్గా సింహం మీదే రెండు సార్లు తట్టాడు.

"బాగుంది. నువ్వేమంటావ్?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఎదురుగా ఉన్నది అతనికి కనిపించడం లేదు. అంచులు మాత్రమే కనిపిస్తున్నాయి. నెల రోజులుగా నేను కూసిన కూతలన్నీ ఒక్కసారి నా మీదే కూసినట్టయింది.

చెప్పాలా? చెబితే విప్పుతాడు. గడ్డి అంతా పీకి, సింహాన్ని ఊడదీసి మళ్ళీ కుట్టాలంటే గంట. ఇంకా తొమ్మిది మంది గడ్డి లేకుండా లోపలి చొక్కాల్లో వణుకుతూ కూర్చున్నారు. పైగా చెప్పానంటే ఈ మనిషి ఇకపై ఏ వీపు మీదా ధైర్యంగా చెయ్యి వెయ్యడు. చెప్పకపోతే, మా వీధిలో నా తర్వాత డోలు ఆగే గుమ్మం ఎలువాది.

డోలు మలుపు తిరిగింది. జీల్ అన్నవాడు డోలు లేకుండా వీధిలో అడుగు పెట్టకూడదు, డోలు వచ్చాక ఇంట్లో ఆగకూడదు.

"చాలా బాగుంది బాబాయ్. ఇంత బాగా ఎప్పుడూ లేదు" అన్నాను. నా బతుకులో అంత చిన్న అబద్ధం అంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

నడుముకి మువ్వల పటకా బిగించి, చేతిలో అడుగుకి తగ్గట్టు ఊపే పుల్లల కట్ట పెట్టి, యోలాంద్ నన్ను చలిలోకి తోసింది. ఓమేర్ మిగిలినవాళ్ళ కోసం అటు వెళ్ళాడు, కూతురి మోచెయ్యి పట్టుకుని. పట్టుకున్నాడని కూడా అప్పుడే చూశాను.

ఎలువా గుమ్మంలో నిండుగా నిలబడి ఉన్నాడు, ముందే కూరించుకుని. పద్ధతి ప్రకారం ఎదురుబొదురు నాలుగు అడుగులు వేశాం. తర్వాత అతను నా వెనక చేరాడు. పది అడుగులు కూడా పడలేదు.

"ఆగరా! ఒరే ఫిర్మెన్! నీ వీపు మీద సింహం శీర్షాసనం వేసింది!"

డోలు ఆగలేదు, డోలు ఆగదు. నేను అడుగేస్తూనే వెనక్కి తిరిగాను.

"చూశావా? నీ కంటికి ఆనుతుందో లేదో అనుకున్నా."

"ఓమేర్ చేసిన పనేనా ఇది? చెప్పానా లేదా నేను? అయిపోయింది. ఇంతటితో సరి."

"ఎలువా, మెల్లగా. పెద్దల విషయం. మా ముత్తాత ఇలేర్ సంగతి నీకు ఎవరూ చెప్పలేదా?"

ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పటికి తర్వాతి మాట ఏమిటో నాకే తెలియదు. మన విద్య అలాంటిది.

"పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది. పెద్ద మంచు పడ్డ ఏడు. మా ముత్తాత జీల్ వేషంతో పండగ పొద్దున చావడి ముందు జారి, తలకిందులుగా బీరు తొట్టిలో పడ్డాడు. నిండు తొట్టి! కాళ్ళు పైకి, తల కిందికి. పావుగంట! ఎలా బతికాడంటావ్?"

"ఎలా బతికాడు?" అన్నాడు డోలువాడు. వాడు అడగకూడదు, కానీ అడిగాడు.

"గూని! లోపలి గడ్డి బీరంతా పీల్చేసింది. అడుగు దాకా! ఓమేర్ వాళ్ళ తాత కూరిన గడ్డి. అప్పుడు మొక్కుకున్నాడు, మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళకోసారి వీపు మీది సింహం తలకిందులుగా నిలబడాలని. ఈ ఏడు నా వంతు. ఓమేర్ చేయనంటే చేయనన్నాడు. మూడు వారాలు బతిమాలాను. మర్సెలిన్‌ని అడుగు, రోజూ వాళ్ళ గుమ్మం ముందు కూసేవాణ్ణి."

"కూయడం నేనూ విన్నా" అన్నాడు డోలువాడు.

ఎలువా కళ్ళు చిన్నవి చేశాడు. "మరి నలభై ఎనిమిదిలో మీ నాన్న వీపు మీద నేను చూడలేదే?"

"కామెర్లు. మంచం మీద ఉన్నాడు. పద్దెనిమిదిలో చూద్దామంటే జర్మన్లున్నారు, పండగే లేదు. రెండు సార్లు మొక్కు తప్పింది. అందుకే నాకు చదువబ్బలేదు."

తర్వాత వీధి చివర ఇంకో ముగ్గురు కలిశారు, ఆ తర్వాత అయిదుగురు. ప్రతి ఒక్కడికీ కథ చెప్పాల్సి వచ్చింది, ప్రతిసారీ తొట్టి కొంచెం లోతైంది. నగర భవనం ముందు మైనం ముసుగులు తగిలించుకునే వేళకి, ఆ ముసుగులకుండే ఆకుపచ్చ కళ్ళద్దాల వెనక అందరి కళ్ళూ నా వీపు మీదే. మధ్యాహ్నం ఈకల టోపీ పెట్టుకుని ఆనవాయితీగా జనంలోకి నారింజలు విసురుతూ చర్చి పక్కగా వెళ్తుంటే, కుర్చీలో కూర్చున్న ఎనభై ఏళ్ళ ముసలాయన ఒకడు కర్రతో నన్ను చూపించి మనవరాలితో అంటున్నాడు:

"నలభై ఎనిమిదిలో వీళ్ళ నాన్న కట్టింది ఇంతకంటే పెద్ద సింహం. నా కళ్ళతో చూశా."

ఎలువా నా పక్కనే ఉన్నాడు. విన్నాడు. నోరు తెరిచాడు. కామెర్ల సంగతి గుర్తు చేద్దామనుకున్నాడేమో, కానీ అంత పెద్ద మనిషిని కాదని ఎలా అంటాడు! చేతిలో నారింజ ఆ ముసలాయన ఒళ్ళోకి మెత్తగా వేసి ముందుకి కదిలాడు.

రాత్రి చౌకులో మంట చుట్టూ గుండ్రంగా తిరిగే ఆఖరి ఆట అయ్యేదాకా నా గూని వెంట్రుకవాసి కదలలేదు. ఇది మాత్రం అబద్ధం కాదు.

మర్నాడు, ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం పొద్దున ఓమేర్, మర్సెలిన్ తోపుడు బండితో వచ్చారు, వేషాలు తీసుకెళ్ళడానికి. మా ఆవిడ నల్లపిండి అట్లు రెండేసి, మధ్యలో చీజ్ కరిగించి పెట్టింది. ఓమేర్ తినకుండా కుర్చీలో కూర్చుని చొక్కా ఒళ్ళోకి తీసుకున్నాడు. లోపలి గడ్డి లాగి బుట్టలో వేస్తున్నాడు. వేళ్ళకి ప్లాస్టర్లు లేవు. పని అయ్యాక అలవాటు ప్రకారం బట్ట మీద చిరుగుల కోసం వేళ్ళు నడిపించాడు. వేళ్ళు నడిచి నడిచి ఒక చోట ఆగాయి.

జూలు ఉండాల్సిన చోట తోక.

అటు తిరిగి పొయ్యి తుడుస్తున్న యోలాంద్ తుడిచిన చోటే తుడుస్తోంది.

"నిన్న ఒకాయన నన్ను ఆపి చెయ్యి పట్టుకున్నాడు" అన్నాడు ఓమేర్. "మీ తాత కూరిన గడ్డి తొట్టెడు బీరు పీల్చిందట కదా అన్నాడు. నాకర్థం కాలేదు. పిచ్చాడనుకున్నా."

"బాబాయ్..."

"మీ ముత్తాత పేరు ఇలేర్ కాదు, జాక్. బాకా ఊదేవాడు. బతుకులో ఒక్కసారి జీల్ వేషం కట్టలేదు. మా నాన్న చెప్పేవాడు, ఊళ్ళో మా చెయ్యి పడని వీపు ఆయనదొక్కటేనని."

"ఆ సంగతి నాకు తెలియదు బాబాయ్. తెలిస్తే ఇంకా బాగా చెప్పేవాణ్ణి."

ఓమేర్ నవ్వలేదు. సింహం మీద వేలు అలాగే ఉంది. "ఎవరెవరికి తెలుసు?"

"మాకిద్దరికీ."

"ఎలువా?"

"మా ముత్తాత కోసం శిలువ గీసుకున్నాడు."

అప్పుడు నవ్వాడు ఓమేర్. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో. తర్వాత చెప్పాడు. శరదృతువు నుంచి ఇంతేనట. చూపు మధ్యలో బూడిద రంగు మరక. మనిషి మొహం చూద్దామంటే చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. మోన్స్ పట్నంలో డాక్టరు చేసేదేమీ లేదన్నాడు. మర్సెలిన్‌కి తెలుసు. రాత్రుళ్ళు ఆమె రంగులు వేరు చేసి పెడితే వేళ్ళతో కుట్టాడు. ఆఖరి వారం వేళ్ళకు కట్లు పడ్డాయి. నా వేషమే ఆఖర్న కుట్టింది.

"ఇక సూది మర్సెలిన్‌కి ఇచ్చెయ్యి బాబాయ్. గడ్డికి కళ్ళెందుకు?" అన్నాను.

"నిన్న గూని జారిందా?"

"కాఫీ కప్పు పెట్టాల్సింది."

అతను కత్తెర తీసుకుని, చుట్టూ తడుముతూ ఆ సింహాన్ని ఊడదీసి, జేబులో వేసుకున్నాడు. తర్వాత అట్టు తిన్నాడు. చల్లారిపోయిందని యోలాంద్ వేడి చేయబోతే వద్దన్నాడు.

ఎలువా స్టేషను వీధి ఊసెత్తలేదు. ఓమేర్ ఇంకా ఆరేళ్ళు పండగ మంగళవారాలు మూడింటికి లేచాడు. మర్సెలిన్ పని నేర్చుకుంటోందని, అందుకే చెయ్యి పట్టుకుని తిప్పుతున్నానని అందరికీ చెప్పేవాడు. ముప్ఫై ఒక్క మందిమీ నమ్మాం. ఏడో ఏడు శరదృతువులో పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి, ఎడమ భుజం మీద.

కథ చెప్పినవాడు మరిచిపోతాడు, విన్న ఊరు మరిచిపోదు. రెండు వేల ఎనిమిది జనవరిలో నేను భుజాలు చూపించుకోవడానికి వెళ్తే మర్సెలిన్ రెండు చేతులూ నా మీద వేసి, వాళ్ళ నాన్నలాగే డొక్కల దాకా దించింది. ఆమె జుట్టు కూడా నెరిసింది.

"సంఘం నుంచి కబురొచ్చింది. ఈ ఏడు మీ మొక్కు తీర్చాలట" అంది.

"ఏ మొక్కు?"

ఆమె బల్ల సొరుగులోంచి మువ్వల డబ్బా తీసి మూత తెరిచింది. లోపల నల్ల ఫెల్టు సింహం. అంచుల వెంబడి తెగిన దారం పోగులు అలాగే ఉన్నాయి.

"నాన్న దాచమన్నాడు. ఫిర్మెన్ అబద్ధానికి ముప్ఫై ఏళ్ళు నిండినప్పుడు వాడి వీపు మీద కుట్టు, తిన్నగా కుట్టావో ఊరుకోనన్నాడు."

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడని సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదొకటి.

"పొట్ట బాగా పెరిగింది. గడ్డి ఇంకా తక్కువ పడుతుంది" అంది మర్సెలిన్, ముక్కు తుడుచుకుంటూ.

ఆ మంగళవారం డోలు ఎలువా గుమ్మం ముందు ఆగింది, పద్ధతి తప్పకూడదని. ఎలువాకి ఎనభై నాలుగు. మోకాళ్ళు పోయి వేషం మానేసి ఎనిమిదేళ్ళయింది. కంబళి కప్పుకుని తలుపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి వీపు చూపించాను. చాలాసేపు చూశాడు.

"పాత సింహమే" అన్నాడు. "రంగు తెలుస్తోంది."

"మా ముత్తాత మీద ఒట్టు, అదే."

"మీ ముత్తాత బాకా ఊదేవాడురా, గాడిదా. ఆ సాయంత్రమే మా అమ్మ చెప్పింది."

నా చెక్క చెప్పులు లయ తప్పాయి. డోలువాడు నా వైపు చూశాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను ఎలువాతో.

"చెబితే?" ఎలువా కంబళి గొంతు దాకా లాక్కున్నాడు. "నాకు గడ్డి ఎవడు కూరతాడు, స్టేషను వీధి కుర్రాడా? పో, డోలు ఆగకూడదు."